పది మార్కుల ఏడుపు

ఆ రోజుల్లో మార్కుల కోసం ఎవరెవరు ఏమేం చేశారన్న కబుర్లు, పాత స్నేహితులం నలుగురం కలిస్తే చాలు, ఎలాగైనా వచ్చి తీరతాయి. ఒకడు చొక్కా చేతి మడతల్లో చిట్టీలు దాచుకున్నానంటాడు. ఇంకొకడు సారు కూతురి పెళ్లిలో మూడు రోజులు పప్పు వడ్డించానంటాడు. అందరం పడీపడీ నవ్వుతాం. నా వంతు వచ్చేసరికి నాకు ఏదో ఫోను వస్తుంది (రాదు, వచ్చినట్టు లేచి బయటికి పోతాను). ఎందుకంటే నేను పది మార్కుల కోసం దాదాపు నెల రోజులు ఒక ముసలాయన ఎప్పుడు పోతాడా అని ఎదురుచూశాను. ఉత్తగా ఎదురుచూడటం కూడా కాదు, రోజూ ఇంటికి పోయి చూసి వచ్చాను. ఇంత మాట చెప్పాక మీరు నన్ను ఎంత తిట్టుకున్నా సరే, మొత్తం చెప్పేస్తాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, బుర్ర తక్కువ, భయం ఎక్కువ.

మాది కోడేరు దగ్గర ఒక చిన్న ఊరు. డిగ్రీకి వనపర్తి పోయేవాణ్ని. పొద్దున బస్సెక్కితే గోపాల్‌పేట దాటేదాకా నిలబడే ప్రయాణం. ఆ ఏడు మా కాలేజీలో రచనా నైపుణ్యం అని కొత్త పేపరు పెట్టారు. చెప్పే సారుకు మేం పెట్టిన పేరు కొసమెరుపు సారు. సెలవు చీటీ రాసిచ్చినా "బాగుందిరా, కానీ కొసమెరుపు లేదు" అనేవాడాయన. మొదటి అసైన్‌మెంటుగా 'మా ఊరు' మీద నాలుగు పేజీలు రాయమన్నాడు. ఊరి గురించి రాయడానికేముంది, ఊరు నాకు తెలియదా అనుకుని చివరి రోజు దాకా ముట్టుకోలేదు. చివరి రోజు బస్సులో కూర్చుని ఫోనులో దొరికిన వ్యాసమొకటి చూసి మక్కీకి మక్కీ దించేశాను. సారు నన్ను క్లాసులో నిలబెట్టి దాన్ని చదివించాడు. "కొబ్బరి తోటల నీడలో, గోదారి కాలువల గలగలల మధ్య మా పల్లె..." అన్న దగ్గర ఆపమన్నాడు. "కోడేరు దిక్కు గోదారి ఎప్పుడొచ్చిందిరా? మాకు చెప్పనే లేదు" అన్నాడు. మా ఊళ్లో ఉన్నవి రాళ్లు, పల్లికాయ చేలు, ఎండాకాలం ఎండిపోయే ఒక వాగు. కొబ్బరి చెట్టయితే కోమటాయన ఇంట్లో ఒకటుండేది, అది కూడా కాయదు. నాకు సున్నా వేశాడు. క్లాసు నవ్వు వారం రోజులు తగ్గలేదు.

సున్నా అంటే నవ్వుకునే సంగతి కాదు మా ఇంట్లో. పేపరు తప్పితే చదువు మానిపించి మా మేనమామ వెంట పూణెకు సెంట్రింగ్ పనికి పంపిస్తానని నాన్న అంతకు ముందే చెప్పి ఉన్నాడు. మామ కూడా "బావా, పంపియ్యి, పిలగాడు దిట్టంగున్నడు" అని నా భుజాలు తడిమి చూసి పోయాడు. ఇంట్లో ఆ మాట పడనిది ఒక్క మా నాయనమ్మకే. మేం ఆమెను అవ్వ అంటాం. "మా ఇంటి మనిషి ఇంక లారీ ఎక్కేది లే. ఎక్కిన రోజు నన్ను బొంద పెట్టి ఎక్కుర్రి" అనేది. మా తాత, అంటే అవ్వ పెనిమిటి, నాన్న పసివాడుగా ఉన్నప్పుడే కూలీల లారీ ఎక్కి, ఎక్కడో కర్ణాటక దిక్కు డ్యాము కాలువ తవ్వడానికి పోయాడు. తిరిగి రాలేదు. మట్టి పెళ్లలు మీద పడి పోయాడని, అక్కడే పూడ్చారని మాత్రం మాకు తెలుసు. ఇంటికి ఆయన తువ్వాల, సత్తు టిఫిను వచ్చాయి.

సున్నా వచ్చిన వాళ్లం ముగ్గురం సారు వెంట పడ్డాం. టీ తాగుతున్నా వదల్లేదు. చివరికి ఆయన విసుగెత్తి ఒక దారి చూపించాడు. పుస్తకాల్లో లేనిది, ఫోనులో దొరకనిది, మీ ఊళ్లో మనిషి నోటి నుంచే వచ్చేది ఏదైనా సేకరించి, ఒక్క మాట మార్చకుండా రాసి తెస్తే పది మార్కులు అదనంగా వేస్తానన్నాడు. గడువు నెలాఖరు శనివారం. కనీసం ఎనిమిది వస్తే నేను గట్టెక్కుతాను. ఒకడు నాట్ల పాటలన్నాడు, ఇంకొకడు బతుకమ్మ పాటలన్నాడు. నేను మాత్రం చెయ్యెత్తి, "మా అవ్వ ఏడుపులు, సార్" అన్నాను. సారు టీ గ్లాసు కింద పెట్టి నా దిక్కు మొదటిసారి మర్యాదగా చూశాడు.

మా దిక్కు చావు జరిగితే ఆడవాళ్లు శవం పక్కన కూర్చుని రాగం తీసి ఏడుస్తారు. ఉత్త ఏడుపు కాదది. పోయిన మనిషి ఏం చేశాడు, ఏం చేయలేదు, ఎవరు అన్నం పెట్టారు, ఎవరు పెట్టలేదు, అంతా రాగంలో వచ్చేస్తుంది. ఆ ఏడుపులో ఏమన్నా ఎవరూ ఎదురు మాట్లాడకూడదు, తర్వాత అడగకూడదు. అది కట్టుబాటు. మా చుట్టుపక్కల ఊళ్లలో అందులో మా అవ్వను మించినవాళ్లు లేరు. ఆమె చావింటి గుమ్మంలోకి వస్తుంటే ముసలి అత్తకు సరిగా తిండి పెట్టని కోడళ్లు వెనక్కి వెనక్కి జరిగేవాళ్లు. ఒకసారి సర్పంచి తల్లి పోతే, "నీ కొడుకు ఊరికి బోరేయించిండు, నీ దూప దీర్చనీకి గ్లాసు నీళ్లియ్యకపాయె తల్లో" అని ఎత్తుకుంది. సర్పంచి దినాలయ్యేదాకా తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం అవ్వ అరుగు మీద పల్లికాయ ఒలుస్తుంటే పక్కన కూర్చుని, ఫోను తీసి, "అవ్వా, జర ఒక ఏడుపు ఏడువు, రికార్డు చేసుకుంట" అన్నాను. అవ్వ చేటలో పల్లికాయ నా మొహాన కొట్టలేదు గానీ కొట్టినంత పని చేసింది. "పీనుగు లేంది ఏడుపేందిర? ఇంట్ల కూసోని ఏడిస్తె ఇంటికే కీడు. ఎవరన్న పోనీ, ఏడుస్తప్పుడు రాసుకో" అంది.

"ఎవరు పోతరవ్వా?"

"నాకేం తెల్సుర? నేనేమన్న యముని తాన గుమస్తానా?"

దాంతో నేను పరేషానయ్యాను. నా ఖర్మ, ఆ నెల ఊళ్లో జనం ఇంత ఆరోగ్యంగా ఎప్పుడూ లేరు. సూది మందిచ్చే డాక్టరు దగ్గరికి పోయి ఊళ్లో ఎవరికైనా బాగా సీరియస్‌గా ఉందా అని అడిగితే, ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నీకే ఏదో అయినట్టున్నది, నాలిక జూపియ్యి" అన్నాడు. చివరికి చెప్పాడు, మేస్త్రి తాతకు ఒళ్లు పడిపోయి మూడు నెలలైందని, ఆశ తక్కువని. నాకు ప్రాణం లేచి వచ్చింది. (ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం బస్సులో సీటు దొరికినంత సంతోషమైంది.)

మేస్త్రి తాత మాకు చుట్టం కాదు. ఒకప్పుడు గుంపు మేస్త్రి. నలభై మందిని లారీ ఎక్కించి డ్యాముల పనులకు తీసుకుపోయేవాడు. తెల్లవారుజామున ఈల ఊదితే మనుషులు లేచి నిలబడాలి, లేకపోతే తన్ను. ఊళ్లో ఆయన ఈల దెబ్బ తినని ముసలివాడు లేడు, అందుకే మంచాన పడ్డా ఎవరూ చూడబోలేదు. మా అవ్వ అయితే దాదాపు నలభై ఏళ్లుగా ఆయనతో మాట్లాడలేదు, ఆయన ఉన్న వాడలో నుంచి నడవలేదు. మా తాత ఎక్కిన లారీ ఆయనదే మరి. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా అవ్వకు చెప్పకుండా మర్నాడు కోడేరు బస్టాండు దగ్గర డజను అరటిపండ్లు కొన్నాను. వట్టి చేతులతో పోతే అనుమానం వస్తుంది కదా.

మేస్త్రి కొడుకూ కోడలూ పగలంతా కూలికి పోయేవాళ్లు. ముసలాయన కొట్టంలో నులకమంచం మీద ఒక్కడే ఉండేవాడు. ఎడమ దిక్కు పడిపోయింది, మాట మాత్రం ఖంగుమనేది. మెడలో నల్ల దారానికి ఆ ఈల ఇంకా వేలాడుతూనే ఉంది. దూప అయితే ఊదేవాడట. ఈల వినపడితే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తలుపులు దగ్గరికి వేసుకునేవాళ్లు. నేను పోయి ఎవరి మనుమణ్నో చెప్పగానే ఆయన చాలాసేపు నన్ను చూశాడు. "నీకేం పని ఈడ?" అన్నాడు. ఊరికే చూడటానికి వచ్చానన్నాను. పండు ఒలిచి పెట్టాను, నీళ్లు తాగించాను, ఇంకో పక్కకు తిప్పమంటే తిప్పాను. రెండో రోజూ పోయాను. మూడో రోజూ పోయాను. నాలుగో రోజు బండి చాచా (బస్టాండు దగ్గర పండ్లమ్మే ముసలాయన) ఉండబట్టలేక అడిగాడు, "రోజు రోజు పండ్లెవరికి బేటా?" అని. ఒక ముసలాయనకు బాగాలేదన్నాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో రెండు పండ్లు సంచిలో వేసి, చేతులెత్తి, "నేను దువా చేస్త. పరేషాన్ కాకు. ఇంక పదేండ్లు బతుకుతడు. నా దువా ఖాళీ పోదు" అన్నాడు. నేను గతుక్కుమన్నాను. వద్దు చాచా అనలేను కదా. ఆ రోజు పండ్ల సంచి మోసినంత బరువు నేనెప్పుడూ మోయలేదు.

వారం గడిచాక ఒకనాడు మేస్త్రి తాత పండు తినడం ఆపి, సూటిగా అడిగేశాడు. "ఒరే, నా కొడుకే సక్కగ సూడడు. నువ్వు రోజు వచ్చి నా మొకం దిక్కు సూస్తవ్, గోడకున్న క్యాలెండర్ దిక్కు సూస్తవ్. ఏంది సంగతి?" నేను అబద్ధం ఆడదామనుకున్నాను, నోరు రాలేదు. మొత్తం కక్కేశాను. గోదారి, సున్నా, అవ్వ ఏడుపు, పది మార్కులు, పూణె, అంతా. చెప్పి, లేచి పారిపోవడానికి చెప్పుల కోసం వెతుక్కుంటున్నాను. ముసలాయన మంచం కిర్రుకిర్రుమంటోంది. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు.

"ఎన్ని మార్కులు?"

"పది, తాతా."

"పదేనా? ఇంత బతుకు బతికి సస్తే పదేనా? ఇంక జర ఎక్కువడగకపోయినవ్?" అని మళ్లీ నవ్వి, "ఎప్పటి లోపల ఇయ్యాలె?" అన్నాడు.

"నెలాఖరు శనివారం."

కుడి చేతి వేళ్ల మీద రోజులు లెక్క వేసుకున్నాడు. "జర కష్టమే. సూద్దాం, నా చేతులున్న పని అయితే చేసిపెడ్త" అన్నాడు. అలా అన్నాక మొహం మారిపోయింది. "గాని నీకు పనయ్యేటట్టు లేదు పిలగా. మీ అవ్వ నాకు ఏడ్వది. ఇంకెవరినన్న సూస్కో" అని మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నేను ఆ మాట అంతవరకూ ఆలోచించనే లేదు. ఊళ్లో ఎవరు పోయినా అవ్వ ఏడుస్తుంది కాబట్టి మేస్త్రికీ ఏడుస్తుందనుకున్నాను. నా తెలివి అంతే.

ఇంక పోవాల్సిన పని లేదు. అయినా పోయాను. అలవాటయిందో, ఈల వినపడితే కాళ్లు ఆగలేదో నాకే తెలియదు. ఒక ఆదివారం మధ్యాహ్నం నీళ్లు తాగించి మూతి తుడుస్తుంటే, అడగకుండానే చెప్పాడు. "మట్టి జారుతున్నదని ఈల ఊదిన. అందరు పైకొచ్చిండ్రు. మీ తాత గూడ వచ్చిండు. వచ్చినంక పార కింద మరిసిండని యాదికొచ్చింది. కంపెనీ పార. పోతే నేను తిడ్తనని మల్ల దిగిండు. నేను సూస్తనే ఉన్న. పార పోతే పోనీ పైకి రా అని ఒక్క మాట అనకపోతి." ఇంకో గుక్క తాగి, "నేనే కడిగిన. నా కొత్త ధోతి గప్పిన. రెండు దినాలు లారీ దొరకలె, ఆడనే మట్టి చేసినం. మీ అవ్వకు చెప్పనీకి వచ్చి, ఆమె మొకం సూసి, తువ్వాల గడప మీద పెట్టి ఉరికొచ్చిన" అన్నాడు. అంత పెద్ద మేస్త్రి, నలభై మందిని గజగజలాడించినవాడు, ఒక ఆడమనిషికి భయపడి ఉరికాడట. నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం అవ్వకు అంతా చెప్పేశాను, మేస్త్రి దగ్గరికి పోతున్న సంగతితో సహా. తిడుతుందనుకున్నాను. పల్లికాయ ఒలుస్తూనే విన్నది. చేట నిండాక, "పార దొరికెనా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. మర్నాడు మేస్త్రిని అడిగాను. "దొరికింది" అన్నాడు. ఆ రోజు పండు తినలేదు. నేను అవ్వకు ఆ మాటే వచ్చి చెప్పాను. ఆమె తలూపి లోపలికి పోయింది.

నెలాఖరు బుధవారం పొద్దున మేస్త్రి తాత పోయాడు. కబురు వినగానే నా మనసులో మొదట వచ్చిన మాట ఏమిటో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. 'ఇంకా మూడు రోజులు టైముంది' అనుకున్నాను. ఆ తర్వాతే దుఃఖం వచ్చింది. వరుస అదీ. చేసిపెడ్తనన్న మనిషి చేసిపెట్టి పోయాడు.

శవాన్ని కొట్టం ముందు పడుకోబెట్టారు. కోడలు ఏడ్చింది, చుట్టాలు ఇద్దరు ముగ్గురు ఏడ్చారు, ఊళ్లో వాళ్లు వచ్చి దూరంగా నిలబడి బీడీలు కాలుస్తున్నారు. ఎవరి నోటా రాగం లేదు. నేను జేబులో ఫోను పెట్టుకుని ఇంటికీ చావింటికీ పదిసార్లు తిరిగాను. అవ్వ అరుగు మీద నుంచి కదలలేదు. నాన్న నన్ను చూసి, "ఏమాయెర నీ మార్కులు? మామ ఆదివారం వస్తుండట, బట్టలు సర్దుకో" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. అవ్వ విన్నది. చేట పక్కన పెట్టి, కొంగు దులుపుకుని లేచింది. "పా" అంది నాతో. దాదాపు నలభై ఏళ్లుగా తొక్కని వాడలోకి నా భుజం పట్టుకుని నడిచింది. ఆమె వస్తుంటే బీడీలు కాల్చేవాళ్లు బీడీలు పడేసి జరిగారు.

శవం తల దగ్గర కూర్చుంది. ఆయన మెడలో ఈల అలాగే ఉంది, దాన్ని చేత్తో సరిచేసింది. తర్వాత ఎత్తుకుంది. నా జేబులో ఫోను రికార్డు చేస్తోంది.

"ఈల ఊదితె నలభై మంది లేసిరి గద మేస్త్రీ... ఇయ్యాల ఊరంత వచ్చి లేపినా నువ్వు లేస్తలేవు గద మేస్త్రీ... నలభై మందిని లారీ ఎక్కిస్తివి, ముప్పై తొమ్మిది మందిని దింపితివి... గడప మీద తువ్వాల పెట్టి గా తువ్వాల కింద మనిషేడని అడగకముందె ఉరికితివి... పార దొరికెనంట గద మేస్త్రీ, పార వట్టిన చేతులాడనె ఉండెనంట గద... పీనుగు లేదని ఏడ్వకపోతి, ఏడ్వలేదని నిద్ర వోకపోతి... ఇయ్యాల నీ పీనుగు మీద నా మొగనికి ఏడుస్తున్న, జర ఓర్సుకో మేస్త్రీ..."

ఆడవాళ్లందరూ ఘొల్లుమన్నారు. మగవాళ్లు కూడా ముక్కులు చీదుకుంటున్నారు. నేను కూడా ఏడుస్తూనే, రికార్డు అవుతోందో లేదోనని జేబు తడుముకున్నాను. సరిగ్గా అప్పుడే అవ్వ నా వైపు చెయ్యి చూపించింది.

"నువ్వెప్పుడు పోతవని నెల దినాలు సూసిండు నా మనుమడు, సిగ్గులేనోడు... పది మార్కులకు పండ్లు దెచ్చి పెట్టిండు గద మేస్త్రీ... కూడవోయినోళ్లు కొట్టం తొక్కకపోయిరి, కడుపున పుట్టినోడు కూలికి వాయె, మార్కులకొచ్చినోడే మంచినీళ్లు వోసె... మార్కులకొచ్చెనో మనసుకొచ్చెనో, వచ్చెను గద మేస్త్రీ... నా పిలగాడు లారీ ఎక్కొద్దనె నీ వాకిలి తొక్కిన... నువ్వు పోయే తావుల నా మొగడుంటడు, జర చెప్పు... నీ మనుమడు సదువుతుండు, పార వట్టడు, ఇంక నిమ్మళంగుండుమని చెప్పు మేస్త్రీ... ఈ తాపనన్న మరిసిపోకుండ చెప్పు..."

ఊరంతా నా మొహమే చూసింది. భూమి ఎక్కడ విచ్చుకుంటే అక్కడ దూరదామన్నంత సిగ్గయింది నాకు. ఎదురు మాట్లాడకూడదు, కట్టుబాటు. తల వంచుకుని నిలబడ్డాను. మేస్త్రి కొడుకు వచ్చి నా పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. అతని తల కూడా వంగే ఉంది.

ఆ తర్వాత రెండు రోజులు ఆ రికార్డు వింటూ ఒక్క మాట మార్చకుండా రాశాను. రాస్తూ ఏడ్చాను, ఏడుస్తూ అక్షరాలు గుండ్రంగా వచ్చాయో లేదో చూసుకున్నాను. శనివారం కొసమెరుపు సారు స్టాఫ్‌రూములో నా కాగితాలు చదివాడు. మొదటి పేజీకి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. రెండో పేజీ చివరికి వచ్చేసరికి మొహం చిట్లించి, ఎర్ర పెన్ను తీసి 'నువ్వెప్పుడు పోతవని' అన్న దగ్గర నుంచి కింది దాకా పెద్ద గీత గీశాడు. "మొదటిది అద్భుతంరా. ఇది మాత్రం నువ్వు కల్పించింది. సేకరించేవాడు పాటలోకి తను దూరకూడదు. అయినా కొసమెరుపు మరీ ఇంత ఎక్కువైతే ఎవరు నమ్ముతారు?" అన్నాడు. ఏడాదంతా కొసమెరుపు కావాలని ప్రాణం తీసినాయన అన్న మాట ఇది. ఆరు వేశాడు. నా మొహం చూసి జాలిపడి, "ఆ ముక్క తీసేసి మధ్యాహ్నం లోపల శుభ్రంగా రాసివ్వు, పదికి పది వేస్తా" అన్నాడు.

ఫోను నా జేబులోనే ఉంది. తీసి ఒక్కసారి నొక్కితే అవ్వ గొంతే సాక్ష్యం చెప్పేది. తీయలేదు. ఎందుకు తీయలేదో ఇన్నేళ్లలో నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. టీ గ్లాసుల మధ్య, నవ్వుకునే సార్ల మధ్య అవ్వ ఏడుపు వినిపించడం ఇష్టం లేకపోయిందని ఒకటి. అసలు కారణం అది కాదు. 'సిగ్గులేనోడు' అన్న మాట సారు వింటాడని సిగ్గు. అంతే. కాలేజీ మెట్ల మీద కూర్చుని ఆ ముక్క వదిలేసి మళ్లీ రాశాను. పదికి పది వచ్చాయి. ఆదివారం మామ ఒక్కడే పూణె పోయాడు. అవ్వ ఏ మాటల కోసం ఆ వాడ తొక్కిందో ఆ మాటలే కొట్టేసి, ఆమె పంపిన కబురు కొట్టేసి, నేను లారీ తప్పించుకున్నాను.

సాయంత్రం అవ్వ అడిగింది, "నేను చెప్పింది అంత రాసినవా?" అని.

"రాసినవ్వా."

"మీ తాతకు చెప్పుమన్నది గూడ?"

"అది గూడ."

"సారేమన్నడు?"

"పదికి పదేసిండు." అవ్వ మురిసిపోయింది. "మేస్త్రి మాట మీద నిలవడ్డడు" అంది.

ఆ ఫోను తర్వాత శ్రీరంగాపూర్ తేరు చూడబోయి జనంలో పోగొట్టుకున్నాను. సారుకిచ్చిన కాగితాలు ఏ మూలన చెదలు తిన్నాయో తెలియదు, ఉన్నా వాటిలో ఆ ముక్క లేదు. ఇప్పుడు నేను గద్వాలలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో కూర్చుని, రైతుల అర్జీలు వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసే పని చేస్తాను. ఒక్క మాట కొట్టేయను. మా మేనేజరు "ఇంత పొడుగెందుకయ్యా?" అని విసుక్కుంటాడు, పడతాను. ఆ ముక్క నాకు నోటికి వచ్చినంత వరకు ఇదిగో పైన రాసిపెట్టాను. మార్కులు వేసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఇక ధైర్యమే.

అవ్వకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు, మంచం దిగితే మనిషి తోడుండాలి. ప్రతి ఆదివారం పోతాను. బండి చాచా లేడు, ఆయన కొడుకు దగ్గర పండ్లు తీసుకుంటాను. పోయిన వారం నేను సంచి మంచం మీద పెట్టగానే అవ్వ చేత్తో తడిమి చూసింది. అరటిపండ్లని తెలియగానే బోసినోటితో నవ్వింది.

"ఏమిర, మల్ల మార్కులున్నయా?"

నేను సంచిలో నుంచి ఒక పండు తీసి ఆమె చేతిలో పెట్టాను.

"ఎప్పటి లోపల ఇయ్యాలె ఈ తాప?"

"ఈ తాప గడువు లేదవ్వా" అన్నాను.

"గట్లయితే జర నిమ్మళంగ పోత" అని, పండు ఒలిచి, సగం తుంచి నాకిచ్చింది.